సున్నితంగా లేపడం

తెర మీద ఫోటో పడగానే హాల్లో అందరూ నవ్వారు. తెరేసమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే పక్కవాళ్ళు తన ముఖం కేసి చూస్తారేమోనని భయపడి నవ్వింది. రీడింగ్ రూము బల్ల మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, మడత పెట్టిన పేపరు చెంప కింద పెట్టుకుని నిద్రపోతున్న ఆ ఫోటోలో మనిషి ఆమె మొగుడు ఫిలిప్.

"ఇది లైబ్రరీయా, లాడ్జియా?" అన్నాడు జయకృష్ణ. మళ్ళీ నవ్వులు.

జయకృష్ణ శిక్షణ ఇచ్చే కంపెనీ మనిషి. గ్రంథాలయ సిబ్బందికి వృత్తి నైపుణ్య శిక్షణ అని చెప్పి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటలు హాలు రెండు రోజులకు తీసుకున్నారు. విజయవాడ నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ నలభై మంది దాకా వచ్చారు. బయట మే నెల ఎండ మాడ్చేస్తోంది. లోపల ఏసీ చలికి ఆడవాళ్ళు పమిట కొంగులు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నారు. జయకృష్ణ చెడ్డవాడేమీ కాదు. ఊడ్చేవాళ్ళను కూడా అండీ అనే పలకరిస్తాడు, టీ వెనక వరసల వాళ్ళకు అందిందో లేదో చూస్తాడు. ఇచ్చిన పని చక్కగా చేసుకుపోయే మనిషి. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో చూడడం మాత్రం అతని పనిలో లేదు.

"పోయిన వారం బ్రాంచీలు చూడ్డానికెళ్ళినప్పుడు నేనే తీశానండి ఇది. భవానీపురం. ఆ బ్రాంచి నుంచి ఎవరొచ్చారు?"

తెరేసమ్మ లేచి నిలబడింది.

"మీకు తెలుసా మేడం ఈయన?"

"రోజూ వస్తారండి," అంది. "పేరు తెలీదండి."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చేసింది. మనసు మాత్రం చివుక్కుమంది.

ఆ పూట పాఠం పేరు 'సున్నితంగా లేపడం'. పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీసేవాళ్ళనీ, ఫ్యాను గాలి కోసం వచ్చి కూర్చునేవాళ్ళనీ నొప్పించకుండా బయటికి పంపే విద్య. మూరెడు దూరంలో నిలబడాలి. చిరునవ్వు నవ్వాలి. చేతులు జోడించాలి. "నమస్కారమండి. ఇది చదువుకునే చోటు. దయచేసి మీ కుర్చీ మరొకరికి ఇవ్వండి" అనాలి. మనిషిని గెంటడానికి కూడా ఇంత మర్యాద కనిపెట్టిన కాలం ఇది.

మీ బ్రాంచి ఫోటోయే కదా, మీరే చేసి చూపించండి అన్నాడు జయకృష్ణ. కంకిపాడు లైబ్రరీలో పనిచేసే పద్మావతమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నిద్ర నటించమన్నాడు. తెరేసమ్మ మూరెడు దూరంలో నిలబడింది. నవ్వింది. చేతులు జోడించింది. ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పింది. చప్పట్లు కొట్టారు.

"అద్భుతం మేడం. భలే గొంతు మీది. మోడల్ వీడియో మీ చేతే తీయిస్తాం, మీ బ్రాంచిలోనే. అన్ని బ్రాంచీలకీ అదే పంపిస్తాం. వారం పది రోజుల్లో ఎప్పుడైనా వస్తాను. అది పూర్తయితేనే మీ సర్టిఫికెట్."

తెరేసమ్మది అవుట్‌సోర్సింగు ఉద్యోగం. చేతికొచ్చేది పదకొండు వేలు. జూన్ నెలాఖరుకి ఒప్పందం అయిపోతుంది. ఈసారి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ పేర్లే పైకి పంపుతామని కాంట్రాక్టరు ముందే చెప్పేశాడు. తొమ్మిదేళ్ళుగా ఆ లైబ్రరీ తలుపులు తీసిందీ, బల్లలు తుడిచిందీ, పేపర్లు సర్దిందీ లెక్కలోకి రావు. రెండు రోజుల ఏసీ హాలు లెక్కలోకి వస్తుంది.

భోజనాల దగ్గర పద్మావతమ్మ ఆమె పక్కన చేరింది.

"బాగా చేశావమ్మా. నా వల్లయితే కాదు. మా కంకిపాడులో పొలం పనుల్లేని రోజున కూలోళ్ళంతా మా వరండాలోనే ఉంటారు. ఎవర్నని లేపను? మీ దగ్గరా అంతేనా?"

"మా దగ్గర అంతమంది ఉండరండి," అంది తెరేసమ్మ ప్లేటులోకి చూస్తూ. "ఒక్కాయనే."

ఆ ఒక్కాయన గొల్లపూడిలో పప్పుల గోడౌను దగ్గర రాత్రి కాపలా. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతాడు. అద్దెకుండేది ఒంటిగది రేకుల ఇల్లు. ఎండాకాలం పది దాటిందంటే ఆ రేకు కింద మనిషన్నవాడు పడుకోలేడు, ఒళ్ళు ఉడికిపోతుంది. లైబ్రరీలో గోడ పక్క కుర్చీ, పైన ఫ్యాను. పోటీ పరీక్షల పిల్లల కోసం మధ్యాహ్నం కూడా మూయడం లేదు. మూడు వేసవులుగా ఫిలిప్ నిద్ర అక్కడే. బ్రాంచి లైబ్రేరియన్ వెంకటసుబ్బారావు గారికి అతనెవరో తెలుసు. తెలిసీ ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయన మంచితనమంతా ఏమీ అనకపోవడంలోనే ఉంది.

సాయంత్రం తెరేసమ్మ ఇల్లు చేరేసరికి ఫిలిప్ డ్యూటీకి తయారవుతూ నేల మీద నీళ్ళు చల్లుతున్నాడు.

"ఏం నేర్పారే ఇవాళ?"

"నిద్రపోయేవోళ్ళని లేపడం."

"దానికి హోటలెందుకు? పాతికేళ్ళ నుంచి నన్ను లేపుతానే ఉన్నావుగా. నువ్వే వాళ్ళకి నేర్పాల్సింది."

ఆమె నవ్వలేదు. కూర్చుని ఫోటో సంగతి చెప్పింది. ఫిలిప్ చెంబు పక్కన పెట్టాడు.

"నోరు తెరుచుకునుందా?"

"ఊ."

"ముందే చెప్తే మూసుకుని పడుకునేవోణ్ణి గదా," అన్నాడు.

"నువ్వెవరో తెలుసా అనడిగారు," అంది తెరేసమ్మ. "పేరు తెలీదన్నాను."

"పాతికేళ్ళు కాపరం చేసి మొగుడి పేరన్నా అడగలేదంటే జనం నిన్నేమనుకుంటారే?"

అప్పుడు నవ్వు వచ్చింది ఆమెకు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. "చెప్తే ఏమంటారు? లైబ్రరీ కుర్చీలో సొంత మొగుణ్ణి పడుకోబెట్టుకుందంటారు. ఆ పదకొండు వేలూ పోతే ఏం తింటాం?"

"నేనేవన్నా అన్నానా? కళ్ళు తుడుచుకో. రేపట్నించి ఇంట్లోనే పడుకుంటాలే."

పడుకున్నాడు. పడుకున్నాడంటే చాప మీద వాలాడని. రేకు మీద తడి గోతాలు పరిచారు, గంటలో ఎండిపోయాయి. తడి తువ్వాలు ఒంటి మీద కప్పుకున్నాడు. ఇంటివాళ్ళ మోటారు, పక్కింటి టీవీ, మధ్యలో కరెంటు పోవడం. కన్ను మూతపడితే చెమట లేపుతుంది. నాలుగో రోజు పొద్దున ఇంటికొచ్చేసరికి నుదుటి మీద బొప్పి కట్టి ఉంది.

"గేటు దగ్గర నుంచునే నిద్రపోయాను," అన్నాడు తప్పు చేసిన పిల్లాడిలా. "పడ్డాను. ఓనరు చూశాడు. ఇంకోసారి కునుకు తీస్తే డ్యూటీకి రావద్దన్నాడు."

నిద్ర లేకపోతే ఆయన పని పోతుంది. నిద్ర ఉంటే ఈమె పని పోతుంది. ఎటు తిరిగినా గోడే. రాజభవనాలేం అడగలేదు వాళ్ళు, నాలుగు గంటలు తల వాల్చే చోటు అడిగారు. ఆ పాటి చోటు ఇంత పెద్ద బెజవాడలో లేకపోయింది.

తెరేసమ్మ లైబ్రరీకి వెళ్ళగానే వెంకటసుబ్బారావు గారి బల్ల దగ్గర నిలబడింది.

"ఇవాళ ఆ ట్రైనింగాయన వస్తారా అండీ?"

"ఇవాళ గన్నవరం వైపు వెళ్తున్నారనుకున్నానమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా. తర్వాత మెల్లిగా, "గోడ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది" అన్నాడు.

వరండాలోకి వచ్చి ఫోను చేసింది. "రా. ఇక్కడికొచ్చి పడుకో."

"నువ్వే పిలుస్తున్నావా?"

"నేనే. రా."

ఫిలిప్ వచ్చాడు. పేపరు తెరిచాడు, రెండు లైన్లు చదివాడో లేదో, తల వాలిపోయింది. తెరేసమ్మ ఆయన చేతి కింద నలుగుతున్న పేపరు మెల్లిగా లాగి మడత పెట్టి చెంప కింద దోపింది. నాలుగు రోజుల తర్వాత ఆమెకు ఊపిరి ఆడింది.

పదకొండింటికి జయకృష్ణ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోను బిగించే స్టాండు.

"గన్నవరం ప్రోగ్రాం క్యాన్సిల్ అయిందండి. సరే, మీ వీడియో తీసేద్దాం అనుకున్నా." గోడ వైపు చూశాడు. ముఖం వెలిగింది. "అరె, ఫోటోలో పెద్దాయనే. వెతుక్కునే పనే లేదు. మేడం, రెడీయేనా?"

వెంకటసుబ్బారావు గారు నోరు తెరిచి, మూసుకున్నాడు. చదువుకుంటున్న పిల్లలు తలలెత్తారు. తెరేసమ్మ కాళ్ళు వాటంతటవే నడిచాయి. మూరెడు దూరంలో నిలబడింది. చేతులు జోడించింది.

"నమస్కారమండి. ఇది చదువుకునే చోటు. దయచేసి మీ కుర్చీ మరొకరికి ఇవ్వండి."

రెండుసార్లు అనాల్సి వచ్చింది. ఫిలిప్ ఎర్రటి కళ్ళు తెరిచాడు. జోడించిన భార్య చేతులు చూశాడు. ఆ వెనక ఫోను చూశాడు. అర్థమైంది.

"అలాగేనండి మేడం. తప్పయింది," అని లేచి, బల్ల కింద క్యారేజీ తీసుకుని, ఎవరో పరాయి మనిషిలా ఆమె పక్క నుంచి వెళ్ళి మెట్ల మీద ఎండలో కూర్చున్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెను తిట్టిన రోజులున్నాయి, అలిగిన రోజులున్నాయి. ఏ తిట్టూ ఆ 'మేడం' అన్నంత నొప్పి పెట్టలేదు.

జయకృష్ణ ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పెదవి విరిచాడు. "ఫ్యాను మోత తప్ప మీ గొంతు వినపడ్డం లేదండి. ఇంకోసారి తీద్దాం. సార్, ఆ ఫ్యాను ఆపండి కొంచెం." గుమ్మం దగ్గరికి వెళ్ళి మెట్ల వైపు చూసి, "పెద్దాయనా, ఏమీ అనుకోకండి, ఒక్క నిమిషం. వచ్చి మళ్ళీ పడుకోండి. వీడియో సరిగ్గా రాలేదు" అన్నాడు.

ఎంత మర్యాదగా అడిగాడో. పడుకున్నందుకు లేపించాడు, లేపడం కోసం పడుకోమంటున్నాడు.

ఫిలిప్ వచ్చాడు. తెరేసమ్మ కేసి చూసి, ఫరవాలేదన్నట్టు కొద్దిగా తల ఊపాడు. కుర్చీలో కూర్చుని, పేపరు మడత చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను ఆగింది. గదిలో ఉక్క కమ్ముకుంది. జయకృష్ణ స్టాండు దగ్గరగా జరిపి, ఎత్తు సరిచేసి, కిటికీ రెక్క ఒకటి మూసి వచ్చాడు.

ఆ కాస్త వ్యవధిలోనే ఫిలిప్ నిజంగా నిద్రపోయాడు. అది నటన కాదని తెరేసమ్మకు తెలుసు. ఆయనకు నిద్ర పడితే కింది పెదవి ఓ పక్కకు జారుతుంది, కుడిచేతి వేళ్ళు ఒకసారి ఉలిక్కిపడి వదులవుతాయి. ఆ వేళ్ళు వదులయ్యాయి. నుదుటి మీద బొప్పి నల్లబడి ఉంది.

"ఇప్పుడు చెప్పండి మేడం. నవ్వు మర్చిపోకండి."

తెరేసమ్మ చేతులు జోడించింది. నోట్లో మాట సిద్ధంగానే ఉంది, నమస్కారమండి అంటే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. జూన్ నెలాఖరు గుర్తొచ్చింది. ఇంటద్దె గుర్తొచ్చింది. జోడించిన చేతులు విడదీసింది.

"లేపనండి," అంది.

"మేడం, రికార్డవుతోంది."

"అవనివ్వండి. ఆయన పేరు ఫిలిప్. మా ఆయనండి. రాత్రంతా కాపలా కాసొచ్చాడు. ఆ రోజు మీరడిగితే తెలీదన్నాను. అబద్ధం చెప్పాను."

జయకృష్ణ ముఖం ఎర్రబడింది. ఫోటో చూసి హాలంతా నవ్వడం అతనికి గుర్తొచ్చిందో ఏమో, నేల చూపులు చూశాడు. అయినా తేరుకున్నాడు.

"మీ ఇబ్బంది నాకర్థమైందండి. కానీ సర్టిఫికెట్ నా చేతుల్లో ఉండదు. ఈ వీడియో లేకపోతే దానికి మీ పేరు పంపడం నా వల్ల..."

"కాస్త మెల్లిగా మాట్లాడండి," అంది తెరేసమ్మ. తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో అందరితో అనే మాటే. "మనిషి నిద్రపోతున్నాడు."

వెళ్ళి స్విచ్చి వేసింది. ఫ్యాను ఒకసారి మూలిగి మెల్లిగా తిరగడం మొదలుపెట్టింది. స్టాండు మీద ఫోనులో ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఎవరూ ఆపలేదు.