చెయ్యి పట్టుకుంటే నడుస్తుంది

మా మేనత్త సుభద్రమ్మకు పిల్లలు లేరు. మోకాళ్లు అరిగాక తానే వెళ్లి గజపతినగరం అవతల ఒక వృద్ధాశ్రమంలో చేరింది. అక్కడ ప్రతి మంచానికీ ఒక అట్ట వేలాడుతుంది. అత్త అట్ట మీద 'నడుస్తుంది' అని ఉంది.

నెలకోసారి ఆశ్రమం వాళ్లు గుమ్మంలో నిలబడి, "మామ్మా, నడుస్తున్నావా?" అని అడిగి రాసుకుపోతారు. జీవితమంతా వరిచేలో గడిపిన మనిషి పరాయివాళ్ల ముందు నడవలేనని అంటుందా? లేచి చూపించమని ఎవరూ అడగరు.

నిజానికి నడుస్తుంది, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే. పట్టుకునేవాళ్లు లేక బాత్రూం దగ్గర పడింది. నేను వెళ్లేసరికి మోచెయ్యి కమిలి ఉంది.

"కాస్త పట్టుకోకూడదా?" అని ఆయా కన్యాకుమారిని అడిగాను.

"అట్టలో నడుస్తాదని ఉన్నాదమ్మా. మంచమని రాసినోల్ల కాడికే నన్ను పంపుతారు."

"అది పట్టుకుంటే ఎద్దుని సంతకి లాక్కెల్లినట్టుంటాదే ఝాన్సీ," అంది అత్త. కన్యాకుమారి కూడా నవ్వింది.

మేనేజరు ఆనంద్‌కుమార్‌ను అట్ట మీది రాత సరిచెయ్యమన్నాను.

"ఏటి రాయమంటారండీ?"

"చెయ్యి పట్టుకుంటే నడుస్తుందని."

"నడక, మంచం. మాకు రెండే గడులండీ. మధ్యలో రాస్తే లేచినప్పుడల్లా మనిషిని పంపాల. మనుషులేరీ?" అని, చివరికి చూస్తానన్నాడు.

మళ్లీ వెళ్లేసరికి అత్తను వెనక హాల్లోకి మార్చేశారు. మంచానికి రెండువైపులా ఇనుప కమ్మీలు. డైపరు వేశారు. అట్ట మీద 'మంచం'.

"నాను నడవలేనని నువ్వు సెప్పినావంట గదే?"

"అలా చెప్పలేదత్తా."

"మరేటి సెప్పినావు?"

చెప్పాను. ఆవిడ కమ్మీకేసి తిరిగి పడుకుంది. మేనేజరును నిలదీస్తే, "మళ్లీ పడితే మీరే కదండీ అడుగుతారు," అన్నాడు. ఇంకోచోట చేర్చాలని విజయనగరమంతా తిరిగాను. మంచం అని రాసి ఉన్న మనిషిని ఎవరూ తీసుకోలేదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు కమ్మీ దింపించి, అత్త చెయ్యి పట్టుకుని లేపాను. పాదాలు నేలకు ఆనాయి. మోకాళ్లు నిలవలేదు. నా మీదకే ఒరిగిపోయింది. కన్యాకుమారి పరుగున వచ్చి రెండో వైపు పట్టుకుంది.

"ఎందుకమ్మా ఈ ఆయాసం? మంచమనే రాసున్నాది కదా," అంది, జాలిగానే.