కుడి మోకాలు పదిహేను

మీరే విరిచారు ఆ మోకాలిని.

అవును, మీరే. వెనక్కి తిరిగి ఇంకెవరి కోసమో చూస్తారేం?

పొడుగు బల్ల వెనక వరసగా కూర్చుని, దిగిన పాదం బెత్తెడు జరిగిందా, జానెడు జరిగిందా అని మాత్రమే చూసిన మీరు. చూడని ఒంటికి బాగుందని సంతకం పెట్టిన మీరు. ఆ సంతకాల కట్టను సొరుగులో భద్రంగా దాచుకున్న మీరు. "నొప్పి అన్నవాళ్లు ఇంటికి పోవచ్చు" అని పొద్దున్నే ఐదుగురు పిల్లల్ని నిలబెట్టి చెప్పిన మీరు.

విరిగినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు. మిషను పాదం కింద దారం తెగినట్టు — టప్. అంతే.

నీలం సిల్కు నేలంతా పరుచుకుంది.

ఏటి నీళ్లు రాయి మీంచి జారినట్టు... నిదానంగా... అందంగా...

అడుగున రాయి ఉందని మీకు కనబడలేదు. కనబడకుండా కుట్టిన మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ తప్పు ఆవిడది. అదీ దాచకుండా చెప్పుకోవాల్సిందే.

ఆవిడ దర్జీ. నలభై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లు మిషను మీద వంగి వంగి, నిలబడ్డా కుడుతున్నట్టే ఉండేది. ఒకరోజు ఆ హాలు కిటికీలకు పరదాలు కావాలంటే కొలతలకు వెళ్లింది. లోపల ఐదుగురు గాల్లో ఉన్నారు. నేల మీద నీడలు మాత్రమే ఉన్నాయి.

కిటికీలు కొలవడానికి వచ్చి కిటికీలు మరిచిపోయింది.

వుషు అన్నారు దాన్ని. చైనావాళ్ల యుద్ధవిద్య. పిడికిలి, కత్తి, కర్ర, బల్లెం. ఎదుట శత్రువు ఉండడు. లేని శత్రువుతో నిమిషం ఇరవై సెకన్లు పోరాడాలి — ఎగరాలి, తిరగాలి, దిగాలి, దిగిన చోట చెట్టులా ఆగాలి.

సోమవారం వదులు ప్యాంటు వేసుకుని తనే వచ్చి నిలబడింది. ఆఖరి వరసలో.

ఇంట్లో మొగుడు ఫ్యాన్లు బాగుచేస్తాడు. స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకునే నవ్వాడు. "కత్తెర చాలదూ? ఇప్పుడు కత్తి కూడానా? ఇంక నేను ఈ ఇంట్లో నోరెత్తినట్టే!"

ఆ హాల్లో రెండు లోకాలు. ముందు సగం తివాచీ. మెత్తగా, తొక్కితే తిరిగి పైకి తోసే తివాచీ. దాని మీద పోటీలకు వెళ్లే ఐదుగురు. వెనక సగం ఒట్టి సిమెంటు. దాని మీద బ్యాంకు గుమాస్తా, ఇద్దరు టీచర్లు, రిటైరైన పోస్టుమాను, ఈవిడ. మధ్యలో మాస్టారు గీసిన తెల్ల గీత.

గీత దాటకూడదు.

ఆ గీత దాటి ఇటు వచ్చింది ఒక్కతే. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఎగురుడు చూసి అందరూ మిడత అనేవారు. ఆ పేరుకే పలికేది.

"పిన్నీ, ఆ మోచెయ్యేంటి? తడిసిన కోడి రెక్కలా వేలాడేసుకుని!"

మోచెయ్యి పట్టుకుని సరిచేసేది. మర్నాడు మళ్లీ వేలాడేది. మళ్లీ సరిచేసేది. కసరత్తులో కూడా మెళ్లో టేపు తీయడం మరిచిపోతుందని ఆవిడకు పేరు పెట్టింది కూడా మిడతే — టేపు పిన్ని.

పిల్లల్లేని ఇల్లు ఆవిడది. ఆ పిలుపు ఎక్కడ తగిలిందో ఎవరికీ చెప్పలేదు.

పోటీలకు ఆరు వారాలు ఉన్నాయనగా ఐదుగురికీ కొత్త సిల్కు బట్టలు కుట్టమన్నారు. మధ్యాహ్నం ఒక్కొక్కరే కొట్టుకు వచ్చారు. ఆఖరున మిడత. వెనక గదిలో, పూల పరదా చాటున, స్టూలు ఎక్కి నిలబడింది.

నడుము ఇరవై ఆరు అంగుళాలు. ఎడమ మోకాలు పదమూడున్నర.

కుడి మోకాలు పదిహేను.

ఆవిడ టేపు తీసి మళ్లీ చుట్టింది. పదిహేను. వేళ్ల కింద మోకాలు వేడిగా ఉంది. ఎండకు కాగిన రాయిలా.

"ఇదేంటే ఇది?"

"వాపు. ఐసు పెడితే పోతుంది."

"ఎన్నాళ్ల నుంచీ?"

"పోయిన నెల కాదు, ఆ ముందు నెల..."

"మాస్టారికి చెప్పావా?"

మిడత పకపకా నవ్వింది. "చెబితే ఇంకేముంది! రేపు నా చోట్లో ఇంకొకత్తె ఎగురుతుంది. ఆరు వారాలే పిన్నీ. కట్టు కట్టుకుంటా. కట్టు కనబడని ప్యాంటు కుట్టిపెట్టవూ?"

అక్కడ, ఆ స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చున్న మనిషి ఒక్క మాట అనాలి. కుట్టను పో, అనాలి. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోవాలి. వాళ్లమ్మకు కబురు పెట్టాలి.

ఆవిడ పెన్ను అందుకుంది. కొలతల పుస్తకంలో తేదీ వేసి రాసుకుంది. కుడి మోకాలు పదిహేను. పుస్తకం మూసేసింది.

అంతటితో ఆగినా కొంత నయం. ఆగలేదు.

చేతులు దురద పెట్టాయి. పనితనం దురద. సిల్కును ఏటవాలుగా కత్తిరించింది — అలా కోస్తేనే నీళ్లలా జారుతుంది. లోపల మెత్తటి లైనింగు వేసింది. పక్క కుట్టులో ఎవరికీ అందని చిన్న కుచ్చు దాచింది. కుడికాలు ఒక్కటే వదులుగా ఉంటే తెలిసిపోతుంది కదా? ఎడమ కాలూ అంతే వదులు చేసింది.

అబద్ధం రెండు కాళ్లకూ సమానంగా ఉండాలి మరి.

తొడిగి చూపించింది. మిడత ఒకసారి గిర్రున తిరిగింది. నీలం నీళ్లు లేచి, తిరిగి, సర్దుకున్నాయి. రాయి లేదు. ఎక్కడా లేదు.

ఇంత మంచి కుట్టు జన్మలో కుట్టలేదనుకుంది ఆవిడ.

బుధవారం మాస్టారు బట్టలు చూడటానికి వచ్చాడు. అందర్నీ తొడుక్కోమన్నాడు. మిడత దగ్గర వంగాడు. సిల్కు మీంచి కుడి మోకాలిని బొటనవేలితో నొక్కాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. కింద కట్టు తగిలింది. తగిలిందని ఆయన కళ్లు చెప్పాయి. ఆవిడ ఆ కళ్లనే చూస్తోంది.

"బాగా కుట్టారమ్మా," అన్నాడు. "ఏమీ కనబడటం లేదు."

తర్వాత సంచిలోంచి కాగితాలు తీశాడు. ఐదు కాగితాలు. శరీరం పోటీకి తగినట్టుగా ఉన్నదని పరీక్షించి ధ్రువీకరించడమైనది... అడుగున డాక్టరు సంతకం, ముద్ర. పైన పేర్లుండాల్సిన చోట ఖాళీ. రాసుకోవడానికి చోటు కావాలంటే, కత్తిరింపు బల్ల మీది గుడ్డలు ఆవిడే పక్కకు జరిపింది. ఆవిడ బల్ల మీదే, ఆవిడ పెన్నుతోనే, ఐదు పేర్లూ నింపాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"రేపట్నుంచి మీరు గీత దాటి రండి. మా పిల్లలతోనే చెయ్యండి."

ఆ చోటు దేనికిచ్చాడో తెలియదా ఆవిడకు? తెలుసు. తెలిసీ పొంగిపోయింది.

మిగిలిన ఐదు వారాలూ తివాచీ మీద నిలబడింది.

అరికాళ్ల కింద ఎంత మెత్తన! పక్కనే ఇంకో అమ్మాయి బల్లెం గాలిని కోస్తున్న చప్పుడు. ఎగిరినవాళ్ల ఒంటి గాలి చెంపకు తగిలేంత దగ్గర. వెనక సిమెంటు మీంచి పోస్టుమాను చెయ్యి ఊపితే, ఈవిడ తల ఎగరేసేది. ఛీ.

కానీ దగ్గర నిలబడితే అందాలే కాదు, అన్నీ వినబడతాయి. మిడత దిగిన ప్రతిసారీ ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చేది. కుక్కపిల్ల కలలో మూలిగినట్టు. కుడి పాదం ఎడమ దాని కంటే పిసరంత ఆలస్యంగా నేలను తాకేది. చెమట మొహం మీద కాదు, పైపెదవి మీద పట్టేది.

రేపు చెబుతాను అనుకునేది ఆవిడ. ఇవాళ కాదు. రేపు...

పోటీల పొద్దుకు రేపులన్నీ అయిపోయాయి.

సూదీ దారం పట్టుకుని రెండో బెంచీ మీద కూర్చుంది. ఏ కుట్టయినా ఊడితే వేయడానికి. మిడత నడిచి వచ్చింది. పిడికిలి అరచేతికి ఆనించి దండం పెట్టింది. మొదలుపెట్టింది.

ఏం చేసింది! పాము కదిలినట్టు చేసింది. వాన మొదలైనట్టు చేసింది. ఒక్కో అడుక్కీ నీలం నీళ్లు ఎగిసి పడుతున్నాయి. ఆఖరి గెంతు — గాల్లో రెండు చుట్లు తిరిగి, రెండు కాళ్లూ ఎడంగా ఒక్కసారే ఆనించి, గుర్రం మీద కూర్చున్నట్టు ఆగాలి.

తిరిగింది.

దిగింది.

టప్.

కుడికాలు మెల్లగా లోపలికి మడతపడింది. కూర్చుంది. ఒక చెయ్యి బారుగా చాచి ఒరిగిపోయింది. సిల్కు చుట్టూ గుండ్రంగా పరుచుకుంది, ముందే దిద్దుకున్నట్టు. జనం అదే ముగింపు భంగిమ అనుకున్నారు. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆవిడ కూడా కొట్టింది.

మోకాలు పోయిందని ఆవిడకు అప్పటికే తెలుసు. ఆ చప్పుడు పోల్చుకోలేని చెవులు కావు అవి. అయినా చేతులు కొట్టాయి. సిల్కు అంత బాగా పడింది మరి!

మూడు సెకన్లు. మిడత అరిచేదాకా.

ఆస్పత్రిలో ప్యాంటు కత్తెరతో కోసేశారు. చీలమండ నుంచి తొడ దాకా. నీలం ముక్కలు బకెట్లో పడున్నాయి. మందుల మత్తులో మిడత కళ్లు తెరిచి చూసింది.

"నీ కుట్టు ఒక్కటీ ఊడలేదు పిన్నీ. గుడ్డ గట్టిదే. మోకాలే నాసిరకం."

నవ్వింది పిచ్చిపిల్ల. నవ్వుతూ నిద్రపోయింది.

ఇది ఇవాళ్టి గాయం కాదన్నాడు అక్కడి డాక్టరు. నెలల తరబడి పోగు పోగుగా తెగుతూ వచ్చిందట. ఆపరేషను చేస్తే నడుస్తుంది. ఎగరడం సంగతి అడగొద్దన్నాడు.

వరండాలో మిడత తల్లి నిలబడి ఉంది. లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి. వేళ్ల నిండా పాత కాలిన మచ్చలు. ఆ వేళ్లతో టేపు పిన్ని చెయ్యి పట్టుకుంది.

"కొలతలు నువ్వే తీశావు కదా వదినా. నీకేం తెలియలేదా?"

"లేదు వదినా."

రెండు మాటలు. తడుముకోకుండా వచ్చాయి.

ఆ తర్వాత నాలుగు రోజులు మిషను తొక్కలేదు. సిల్కు ముట్టుకుంటే వేడిగా తగిలేది. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేది. మొగుడు చూసి చూసి విసిగిపోయాడు. "గోడకేసి చూస్తే అతుకుతుందా ఆ పిల్ల కాలు? చెప్పాల్సింది ఎవరికో వెళ్లి చెప్పు. నాకు చెప్పినా లాభం లేదు, నేను ఫ్యాన్లవాణ్ణి."

ఐదో రోజు సాయంత్రం వుషు సంఘం కార్యదర్శి కబురు పెట్టాడు. హాలు మీది అంతస్తులో సంఘం ఆఫీసు. అద్దాల బీరువా నిండా కప్పులు. రెక్సిన్ కుర్చీలు. మాస్టారు ఒక కుర్చీలో కూర్చుని బూట్లు చూసుకుంటున్నాడు.

"రండమ్మా, రండి. టీ చెప్పమంటారా?" అంటూ కార్యదర్శి కాగితం ఇటు తిప్పాడు.

క్రీడాకారిణి తన గాయాన్ని శిక్షకునికీ సంఘానికీ తెలియకుండా ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టినది. కావున ఆమె పేరు నాలుగేళ్లపాటు జాబితా నుండి తొలగించడమైనది. చికిత్స విషయమై సంఘానికి ఎట్టి బాధ్యతా లేదు.

కింద సాక్షి అని ఒక గీత. ఖాళీగా.

"మీరు వాళ్లతోనే చేసేవారు కదా, మీ మాటకు విలువుంటుంది," అన్నాడు కార్యదర్శి. "ఒక్క సంతకం. కుట్టుపని సంగతి మేమెక్కడా ఎత్తం."

"ఎప్పటిలాగే తివాచీ మీదికి రండి," అన్నాడు మాస్టారు, బూట్లతో చెబుతున్నట్టు.

ఎంత తేలిక! పెన్ను అందుకుంటే చాలు. ఆవిడ తప్పు కూడా ఆ పిల్ల మీదికే పోతుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, మంచం మీద, మిగతా అందరి తప్పుల మూటలూ మోయలేదా ఏం?

పెన్ను అందుకుంది. మళ్లీ కింద పెట్టింది.

సంచిలోంచి కొలతల పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, కాగితం మీద పెట్టింది.

"దాచింది ఆ పిల్ల ఒక్కతేనా?" అంది. "కుట్టి దాచింది నేను. మాస్టారు బొటనవేలితో నొక్కి చూసి దాచారు. మీరు ఆ ఖాళీ సంతకాల కాగితాల్ని సొరుగులో పెట్టి దాచారు."

"అమ్మా, ఆవేశపడకండి—"

"ఆవేశం ఆరు వారాల కింద పడాల్సింది. పడలేదు. రాయండి. నా పేరు మొదట రాయండి. తెలిసి కుట్టింది, తల్లి అడిగితే అబద్ధమాడింది అని రాయండి. దాని కింద ఆయన పేరు. దాని కింద మీ పేరు. దాని కింద చూడకుండా సంతకం పెట్టిన ఆ మహానుభావుడి పేరు. ఆ పిల్ల పేరు కొట్టెయ్యండి. ఆపరేషను మీరు చేయించండి. ఇక్కడ కాకపోతే ఈ పుస్తకం పట్టుకుని ఎక్కడెక్కడికి పోవాలో అక్కడికల్లా పోతాను."

కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

కింద హాల్లో సాయంత్రం సాధన మొదలైంది. నేల అదిరింది. ధడ్... మళ్లీ ధడ్... ప్రతి రెండో ధడ్ సగమే.

ఆవిడ చెవి అటు పడింది.

"వింటున్నారా? అది బల్లెం అమ్మాయి. చీలమండకు కట్టు కట్టుకుని ఎగురుతోంది. పది రోజులుగా ఎగురుతోంది. నాకు తెలుసు. మాస్టారికీ తెలుసు."

ధడ్...

"సంతకాల సంగతి తర్వాత. ముందు లేవండి. ఇద్దరూ లేవండి. కిందికెళ్లి అందరి ప్యాంట్లూ మోకాలి పైదాకా మడిపించండి. ఒళ్లు చూసే డాక్టరును పిలిపించండి. ఆయన చూసేదాకా ఒక్కరి పాదం కూడా నేల విడవకూడదు. ఏంటలా చూస్తారు? అది మళ్లీ ఎగరబోతోంది. లేవండి. వెళ్లి ఆపండి!"