చదువు మాన్పించిన నాయన

"ఎవురేమడిగినా అమెరికా మాట నీ నోట్లోనుంచి రాకూడదు. ఆ ఏడు యాడుంటివి అంటే, ఇంటికాడే ఉంటి అను. అంతే." బస్సెక్కినప్పటి నుంచి తిప్పయ్య కూతురికి ఇదే పాఠం. తలూపీ ఊపీ హేమలతకు విసుగొచ్చింది.

నల్లమాడ దగ్గర పల్లెలో గొర్రెలు కాసుకునే తిప్పయ్యకు ఆ పిల్ల ఒక్కతే. పదో తరగతి కాగానే ఏదో పరీక్ష రాసి నెగ్గి, ఖర్చంతా ఆ పరీక్ష పెట్టినవాళ్లే భరిస్తే ఏడాదిపాటు అమెరికాలో ఒక హైస్కూల్లో చదివొచ్చింది. తిరిగొచ్చాక ఇంటర్ పూర్తిచేసి, రెండువేల ఎనిమిదిలో ఎంసెట్ రాసింది. పశువుల డాక్టరు కావాలని పంతం. పశువైద్య కళాశాలలో సీటొచ్చే ర్యాంకే వచ్చింది, లోకల్ అయితేనే.

చిక్కంతా అక్కడే వచ్చిపడింది. ఇంటర్ అయ్యేలోపు చివరి నాలుగేళ్లూ వరసగా ఈ ప్రాంతంలోనే ఉండాలట. మధ్యలో ఒక్క ఏడాది బయట చదివినా నాన్‌లోకల్. బడి మాని ఇంట్లో కూర్చున్నవాళ్లకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఎంత ముచ్చటైన రూలో చూడండి! అందుకే ఊరి పెద్ద ఆంజినప్ప, ఆ ఏడాదంతా పిల్ల ఊళ్లోనే ఉందని ఒక నివాస పత్రం రాయించి ఇచ్చాడు.

కౌన్సెలింగ్ హాల్లో బల్ల వెనకున్న మేడం కాగితాలు తిరగేసి ఆగింది. "పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య ఒక ఏడాది ఖాళీ ఉందే. ఏం చేశావమ్మా?"

హేమలత నాయన వంక చూసింది. తిప్పయ్యే అందుకున్నాడు. "ఇంటికాడే ఉండె మేడం. గొర్లు కాసినాది."

మేడం మార్కుల వంక చూసింది, తర్వాత తిప్పయ్య వంక. "ఇంత చదివే పిల్లను గొర్రెల వెంట తోలావా? సిగ్గులేదూ? నీలాంటి తండ్రులుండబట్టే ఈ జిల్లా ఇలా ఏడుస్తోంది!"

హాలంతా తిరిగి చూసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తిప్పయ్య చేతులు జోడించాడు. "తప్పయిపోయినాది మేడం. బుద్ధిలేక చేసినా."

హేమలతకు ఒళ్లు మండిపోయింది. ఆడపిల్లను ఒంటిగా సముద్రాలు దాటిస్తావా అని సొంత అన్నదమ్ములు మాటలు మానేసినా లెక్కచేయని మనిషి అతను.

"పిల్ల మొహం చూసి లోకల్ రాస్తున్నాను, నిన్ను చూసి కాదు," అంటూ మేడం పెన్ను తీసింది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. హేమలత వల్ల కాలేదు.

"మా నాయన నన్ను బడి మాన్పించలేదు మేడం. అమెరికాలో చదివించినాడు."

తిప్పయ్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు గానీ, మాట అప్పటికే దాటిపోయింది. మేడం పెన్ను ఆపింది. "నీ నోటితో చెప్పాక విననట్టు ఉండలేనమ్మా," అని ఆ నివాస పత్రాన్ని పక్కకు తీసి, నాన్‌లోకల్ అని రాసింది. సాయంత్రానికి నాన్‌లోకల్ సీట్లు ఆమె ర్యాంకు దాకా రాకుండానే అయిపోయాయి.

తిప్పయ్య కాగితాల సంచి చంకన పెట్టుకుని బస్టాండు దాకా గబగబా ముందు నడిచాడు. పైకి కోపంగా ఉన్నా లోపల మురిసిపోతుంటాడనుకుంది హేమలత.

"నిన్నట్ల అంటాంటే ఎట్ల ఊరుకునేది నాయనా?"

"అననీ. నాకేం పోతాండె? సంతలో ఇంతకన్నా పెద్ద మాటలు పడినా, ఊరికే పడినా. ఇయ్యాల పడిన తిట్లకు నీకు సీటొస్తాండె." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నా పరువు కాపాడమని నిన్ను అడిగిందెవురు పాపా?"

తప్పు చేశానేమోనన్న భయం అప్పుడు మొదలైంది హేమలతకు. బస్సొచ్చింది. తిప్పయ్య ఆమెకు కిటికీ పక్కన సీటు చూపించి, తను వెనక్కి పోయి వేరే వరసలో కూర్చున్నాడు.