ఒక్కరు రండి చాలు

రోలర్ ఆగలేదు. దుప్పటితో పాటు అక్క చెయ్యి లోపలికి పోతుంటే, ఆ కేక విని చెల్లెలే పరుగెత్తుకొచ్చి మీట లాగింది. పక్కనే ఉన్న సూపర్‌వైజరు ముందుగా దుప్పటికి మరకైందా అని చూశాడు. హోటళ్ల బట్టలు ఉతికి, ఆవిరి రోలర్ల మీద ఇస్త్రీ చేసే లాండ్రీ అది. చేతులు లోపలికి పోకుండా రోలర్‌కు అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉండేది. పని నెమ్మదిస్తోందని మేనేజరు దాన్ని తీయించాడు. మనిషి చెయ్యి కంటే దుప్పటి ఎక్కువైన చోట ఇంకేం జరుగుతుంది?

ఆ చెల్లెల్ని అందరూ నసక్క అంటారు. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని ప్రాణం తోడేస్తుందని. అక్క ఆసుపత్రిలో ఉంది కాబట్టి ఇక ఆ రోలర్ ముందు నిలబడాల్సింది ఆమే. కమ్మీ బిగించేదాకా పని ముట్టుకోం అంటూ జనమంతా పెరట్లోకి వచ్చేశారు.

వాళ్ల నాయకుడు పెద్దన్న, అక్కడి ఫిట్టరు. ఎప్పుడు గొడవొచ్చినా అతనొక్కడే మేనేజరు గదిలోకి వెళ్తాడు. తలుపు మూసుకుంటుంది. ఏం తేలిందో బయటికొచ్చి చెబుతాడు, మిగతావాళ్లు తలూపుతారు. ఆ రోజూ అలాగే వెళ్లాడు. కాకపోతే ఈసారి మేనేజరు అతని భుజం మీద చెయ్యేసి గుమ్మందాకా వచ్చాడు.

"మీ పెద్దన్నా నేనూ అన్నీ మాట్లాడుకున్నాం" అన్నాడు నవ్వుతూ.

నసక్కకి ఒళ్లు మండింది. నిన్నటిదాకా లేని ఆ చెయ్యి ఇవాళ భుజమ్మీదికి ఎలా వచ్చింది?

"మీ అక్క వైద్యం వాళ్లే చేయిస్తారు. కమ్మీ ఈ సీజనయ్యాక బిగిస్తారట. సరేనన్నాను" అన్నాడు పెద్దన్న.

"ఎవర్నడిగి సరేనన్నావన్నా?"

"నామీద అనుమానమా?"

వెనక గుసగుసలు మొదలయ్యాయి. లోపల టీ ఇచ్చారటగా అని ఒకరు, టీతోనే సరిపోయిందంటావా అని ఇంకొకరు.

ఆవిరి బాయిలరు చూసుకునే బాయిలరు తాత అడ్డొచ్చాడు. "ఊరుకోవే తల్లీ. అందరం మీద పడితే సంతలా ఉంటుంది. మనకి మాట్లాడ్డం చేతకాదు. ముందునుంచీ ఇలాగేగా జరుగుతోంది."

"ఇలాగే జరగబట్టే మా అక్క చెయ్యి అలా అయింది తాతా" అంది నసక్క. తర్వాత పెద్దన్న వైపు తిరిగింది. "నువ్వు అమ్ముడుపోయావని నేననను. పోలేదని కూడా చెప్పలేను. లోపల నేను లేనుగా. నిన్ను నమ్మడానికి నీ మాట తప్ప మా దగ్గరేముంది?"

పెద్దన్న మొహం మాడిపోయింది. అలిగి వెళ్లిపోతాడనుకున్నారు. అతను వెళ్లలేదు. "ఆ కమ్మీ విప్పింది నేనే" అన్నాడు. "ఆ గదిలోనే మేనేజరు విప్పమన్నాడు. మీరు ఒప్పుకోరని మీ చెవిన వెయ్యలేదు. నేను చూసుకుంటాలే అనుకున్నాను."

ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చే తప్పూ కాదు. అతను స్క్రూడ్రైవరు తీసుకుని నేరుగా వెళ్లి మేనేజరు గది తలుపు బందులు ఊడదీశాడు. ఇద్దరు ఆడవాళ్లు తలుపు మోసుకొచ్చి పెరట్లో పడేశారు.

మేనేజరు ఫోను చేస్తే పోలీసులొచ్చి పెద్దన్నని జీపెక్కించారు. దుమ్ము ఇంకా అణగలేదు, తలుపు లేని గుమ్మంలోకి మేనేజరు వచ్చాడు. గొంతు నిండా తేనె.

"తెలివైనవాళ్లు ఒక్కరు రండి చాలు. కమ్మీ సంగతి ఇప్పుడే తేల్చేద్దాం."

అందరి కళ్లూ నసక్క మీద పడ్డాయి. "నువ్వెళ్లు, నీకు నోరుంది" అన్నారు. ఆమె అడుగు ముందుకు పడింది కూడా. లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది. ఆ గర్వం చూసుకుని ఆమెకి తన మీదే అనుమానం వచ్చింది.

"నేనొక్కదాన్నే వెళ్తే సాయంత్రానికి నామీదా టీ కథలు పుడతాయి" అంది. "పుట్టాలి కూడా. పదండి, అందరం."

గది నిండింది. పట్టనివాళ్లు వరండాలో, కిటికీల దగ్గర నిలబడ్డారు. మేనేజరు గోడకి ఆనుకుని, "కమ్మీ బిగిస్తాం" అని గొణిగాడు.

"మాకు వినబడట్లేదు బాబూ" అన్నాడు వరండాలోంచి బాయిలరు తాత. "కాస్త గట్టిగా చెప్పండి."

"బిగిస్తాం. ఇవాళే."

"వినబడింది" అన్నాడు తాత. "పెద్దన్న మీద కేసు ఎత్తేస్తామని కూడా అంతే గట్టిగా చెప్పండి. అప్పటిదాకా మేమిక్కడే ఉంటాం."