ఆమె పేరు మీద మందు

పాలగిన్నె అడుగున మాడు ఎంత రుద్దినా వదలడం లేదు. సత్యప్రియ దాంట్లో నీళ్ళు పోసి పక్కన పెట్టింది, మళ్ళీ లాక్కుంది, మళ్ళీ పక్కన పెట్టింది. పొద్దున ఆమె మిద్దె మీద బట్టలు ఆరేస్తుండగా కింద పాలు పొంగి, ఇంకి, మాడి, వాకిలి దాకా కంపు కొట్టాయి. పరుగున దిగి వచ్చేసరికి భర్త సెల్వకుమార్ ఆ పొయ్యి పక్కనే నిలబడి చెంబెత్తి నీళ్ళు తాగుతున్నాడు. పొగ కళ్ళబడేదాకా అతనికి సంగతే తెలియలేదు. అత్త పంచవర్ణం మాత్రం అలవాటు ప్రకారం తిట్టాల్సిన మనిషినే తిట్టింది. పొయ్యి మీద పాలు పెట్టి మిద్దెక్కే ఆడదాన్ని తన జన్మలో చూడలేదంది. అదే నోటితో కొడుకును చూసి మురిసిపోయింది. "నా బిడ్డ బంగారం. మాడింది పెట్టినా, పులిసింది పెట్టినా ఒక్క మాట అనడు. అంతా మా ఎల్లప్పన్న పోలిక."

ఈ మెచ్చుకోలు పెళ్ళైన కొత్తలో సత్యప్రియకూ బాగానే ఉండేది. వంకలు పెట్టని మొగుడు దొరికాడని కంబైనల్లూరులో, పుట్టింట్లో, అమ్మ కూడా సంతోషించింది. ధర్మపురి పక్కన ఇండూరులో అత్తవారింటి వెనక షెడ్డులో పట్టుగూళ్ళు ఉడికించి దారం తీస్తారు. ఉడికిన పురుగుల కంపుకు కూలికొచ్చే ఆడవాళ్ళు ముక్కుకు కొంగు చుట్టుకుంటారు. సెల్వకుమార్ ఆ తొట్టి పక్కనే కూర్చుని ఇడ్లీలు తింటాడు. పంచవర్ణం వాళ్ళ అన్న ఎల్లప్పన్ కూడా పోయేదాకా అదే తొట్టి దగ్గర పని చేశాడట. ఆయనకు మీసం మొలవలేదు, పెళ్ళి చేసుకోలేదు, గొంతు చిన్నపిల్లవాడిలా ఉండేది. సన్యాసి లాంటి మనిషని నడవలో ఫొటో కట్టించి దండ వేశారు. కంపును లెక్కచేయకపోవడం ఆ ఇంట్లో మగవాళ్ళ ఘనత కింద చెలామణి అయిపోయింది. గూళ్ళు ఏరడం, మరక పడ్డవి తీసేయడం, కూలీలకు టీలు కాచి పోయడం, ఆపైన ఇంటి వంట, ఇదంతా సత్యప్రియ పని. ఎవరైనా మీ కోడలు ఏం చేస్తుందని అడిగితే "ఇంట్లో ఊరికే ఉండాది" అంటుంది పంచవర్ణం.

ఊరికే ఉండటం కూడా కాదు, కడుపు పండక ఉంది. ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ఎంతమంది డాక్టర్ల బల్లలెక్కి పడుకుందో ఆమె మరిచిపోవాలనుకుంటుంది. గర్భసంచిలోకి రంగునీళ్ళు ఎక్కించి ఫొటో తీసినరోజు నొప్పికి పళ్ళు బిగబట్టి బయటికొస్తే, "ఊరి ఆడోళ్ళకంతా లేని నొప్పి నీకేనా" అన్నాడు సెల్వకుమార్. చుట్టాలింట్లో కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే వేడుకకు పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయన్నం అన్నీ ఆమె చేతనే కలిపించారు. గాజులు తొడిగే వేళకు మాత్రం ఆమెను వంటింట్లోంచి పిలవలేదు. రాత్రిళ్ళు అతను గోడవైపు తిరిగి పడుకుంటే, తన ఒంట్లోనే ఆకర్షణ లేదనుకుని ఆమె కొత్త చీరలు కట్టి చూసింది, బరువు తగ్గి చూసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు కాదు, ఒళ్ళు మండుతుంది. అతని గొంతు సన్నగా ఉండటం, గడ్డం సరిగా లేకపోయినా రోజూ అద్దం ముందు బ్లేడు పట్టుకుని నిలబడటం, అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి కదా, ఎందుకు అడగలేదు నేను అని తనను తాను నిలదీసుకుంటుంది.

సేలంలో కొత్తగా చూపించుకున్న డాక్టరమ్మ ఒక్కతే, ముందు మీ ఆయన్ని చూడాలి, అప్పటిదాకా నిన్ను ముట్టుకోను అంది. అతన్ని రప్పించి రక్తం తీసింది. మగవాళ్ళ హార్మోను ఉండాల్సిన దాంట్లో పిసరంత కూడా లేదు. తర్వాత ఆమె ఒక డబ్బా మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టి ఇదేమిటంది. కాఫీపొడి అది. అతను తడుముకున్నాడు. చిన్నప్పట్నుంచీ అందరూ ఆహా అంటే తనూ ఆహా అనడం నేర్చుకున్నాడు తప్ప వాసన అంటే ఏమిటో అతనికి తెలియదు. తల్లి కడుపులో ఉండగా వాసన పట్టే నరాలూ, హార్మోనుకు హుకుం ఇచ్చే కణాలూ ముక్కు దగ్గర బయల్దేరి ఒకే దారిన మెదడుకు చేరాలట. కొందరిలో ఆ దారి మధ్యలోనే ఆగిపోతుందట. దానికి కారణమైన జన్యువు ఫలానా అని పరీక్ష రిపోర్టు కూడా వచ్చింది. అది తల్లి వైపు నుంచి వస్తుంది, ఆడవాళ్ళకు ఏమీ చేయదు, మగబిడ్డల్లో బయటపడుతుంది. అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళ కొడుకులనూ చూపించండి, ఆలస్యం చేస్తే ఎముకలు కూడా గుల్లబారతాయి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఏడాదో, రెండేళ్ళో విడవకుండా సూదులు వేసుకుంటే బిడ్డలు కలిగే అవకాశం బాగా ఉందని కూడా చెప్పింది.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు సెల్వకుమార్ ముఖంలో కాస్త వెలుగు కనిపించింది. "చూస్తివా, మా అమ్మ దగ్గర్నించి వచ్చిందంట," అన్నాడు. సత్యప్రియ కిటికీలోంచి బయటికి చూసింది. నిన్నటిదాకా తప్పు పెళ్ళానిది, ఇవాళ తల్లిది. అతని భుజం మీద ఒక్క ఘడియ కూడా నిలవకుండా ఎలా జారిపోయిందో ఆమెకు అంతుపట్టలేదు. ధర్మపురి దగ్గర పడేసరికి అతను మిగతాది కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. "ఊసి వేసుకుంటాను, డాక్టరమ్మ చెప్పిన సూదులన్నీ. ఎవరికీ తెలీకూడదు. నీకే వైద్యం నడుస్తా ఉండాదని చెప్పు. ఆడదానికి అయితే ఎవురూ ఏమీ అనుకోరు."

ఎవరూ ఏమీ అనుకోరట. ఆ మందు ఇప్పుడు ఫ్రిజ్‌లో, పెరుగుగిన్నె వెనక, ఆమె పేరు మీద ఉంది. తలుపు తీసినప్పుడల్లా పంచవర్ణం ఆ పెట్టె చూసి, నీ కడుపుకు నా బిడ్డ ఎంత పోస్తున్నాడో చూడు అని నిట్టూరుస్తుంది. ఒక్క మాట, నీ కడుపునుంచే వచ్చింది అత్తా అని ఒక్క మాట అనేస్తే ఆ నిట్టూర్పు గొంతులోనే ఆగిపోతుంది. నాలుక చివరిదాకా వస్తుంది. కానీ తనను ఇన్నేళ్ళు కొట్టిన కర్రే తీసుకుని ఇంకో ఆడదాన్ని కొట్టడం ఆమెకు చేతకాలేదు. చేతకానందుకు కూడా తన మీద తనకే కోపం. అందుకే ఈ మధ్య ఏ పనీ తిన్నగా సాగడం లేదు. కూర సగం తరిగి లేస్తుంది, గూళ్ళు ఏరుతూ ఏరుతూ మంచివే తీసి పారేస్తుంది.

మామూలుగా అయితే ఇదీ మింగేసేదేమో. కానీ వచ్చే శుక్రవారం కంబైనల్లూరులో ఆమె చెల్లెలు కీర్తికకు పూలు పెట్టి మాట ఖాయం చేసుకోబోతున్నారు. పెళ్ళికొడుకు సెల్వకుమార్ అక్క మాదేశ్వరి కొడుకు మోహన్‌రాజ్. మారండహళ్ళిలో టమాటాల వ్యాపారం, మంచి ఇల్లు. పిల్లవాడు నెమ్మదస్తుడు, నలుగురిలోకి పోడు, ఏది పెట్టినా తింటాడు. ఆ చివరి మాట విన్నప్పటి నుంచే సత్యప్రియకు నిద్ర కరువైంది. శుక్రవారానికి ముందే డాక్టరమ్మ మాట మాదేశ్వరికి చెప్పమని భర్తను అడిగింది. అతను, నా మానం తీసి నీ చెల్లెలికి పసుపూ కుంకుమా పెడతావా అన్నాడు. మొన్న కీర్తిక ఫోన్ చేసి, "అక్కా, నువ్వు బాగుండావు కదా ఆ ఇంట్లో? నువ్వు సరే అంటేనే నేను సరే అంటాను," అంది. సత్యప్రియ బాగుండాను అంది. 

బుధవారం పంచవర్ణమే ఆమె చేతికి తాంబూలం సామాను ఇచ్చి మారండహళ్ళి పంపింది. దారి పొడుగునా సత్యప్రియ ఏం చెప్పాలో కూర్చుకుంది. వదినకు తెలియదు పాపం, తెలిస్తే కొడుకును తనే డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తుంది అనుకుంది. మోహన్‌రాజ్ వాకిట్లో ఖాళీ క్రేట్లు కడుగుతున్నాడు. పొడుగాటి చేతులు, నున్నటి బుగ్గలు. "రా అత్తా" అన్నాడు. ఆ సన్నటి గొంతు విని ఆమెకు నడవలోని ఎల్లప్పన్ ఫొటో గుర్తొచ్చింది.

వంటింట్లో మాదేశ్వరి ఎదుట కూర్చుని, తలుపు దగ్గరగా వేసి, అంతా చెప్పేసింది. కాఫీపొడి డబ్బా, రిపోర్టు, సూదులు, అన్నీ. వైద్యం ఉందని, బిడ్డడికి ఇప్పుడే మొదలుపెడితే ఇంకా మంచిదని రెండుసార్లు చెప్పింది. మాదేశ్వరి వెలవెలబోతుందనుకుంది, కాదంటుందనుకుంది, తిడుతుందని కూడా అనుకుంది. ఆమె అవేమీ చేయలేదు. దగ్గరికి జరిగి సత్యప్రియ చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఆ రిపోర్టు సంగతి నాకు తెలీదు గానీ, నా బిడ్డ ఎట్ల ఉండాడో నాకు తెలీదా సత్యా? వాడు చిన్నప్పట్నించీ మా ఎల్లప్ప మామ మాదిరే. దానికోసమే కీర్తికను అడిగినాము. బయటి పిల్లయితే మూడో నెలకే వీధికెక్కుతుంది. మీ ఇంటి ఆడబిడ్డలు నోరు విప్పరు. నువ్వు ఎనిమిదేండ్లుగా ఒక్క మాట బయట పెట్టినావా?"

ఆమె తిట్టలేదు, మెచ్చుకుంది. నిజంగానే కృతజ్ఞతతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ తన నోరు తన బాధను మాత్రమే దాచిందనుకుంది సత్యప్రియ. తన మటుకు తను మింగుతోంది, ఎవరికీ నష్టం లేదు అనుకుంది. అది వీళ్ళ చేతుల్లో ఒక గుణంగా, వంశానికి ఒక పేరుగా మారిందని, ఆ పేరు చూసుకునే చెల్లెల్ని కోరి అడిగారని ఇప్పుడు తెలిసింది. భయమూ కోపమూ కలిసి వచ్చాయి. చేయి వెనక్కి తీసుకుంది.

లేచి తలుపు తీసింది. మోహన్‌రాజ్‌ను లోపలికి పిలిచి, పీట చూపించి కూర్చోమంది. ఫోన్ తీసి కీర్తికకు చేసి స్పీకర్ నొక్కింది. అతని సంగతి అతనే చెప్పుకుంటాడు, దానికి తనకు హక్కు లేదు. తన సంగతికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. "వద్దు సత్యా, నా తమ్ముడి మానం," అంటూ మాదేశ్వరి ఆమె మోచేయి పట్టుకుంది. అవతల కీర్తిక ఏమక్కా అంటోంది.

"కీర్తీ, మోహన్, ఇద్దరూ వినండి. భయపడొద్దు, ఇది మందున్న జబ్బే. మా ఆయనకు బిడ్డలు కలగనిది నా వల్ల కాదు."