ఆ వీధిలో లేనిది

నాకు ముక్కు మీదే కోపం అంటారు. ఆ రోజు మాత్రం కోప్పడే తీరిక కూడా లేదు. పాత బజారు వీధిలో ఖాళీగా ఉన్న చిన్న గది నాకు కావాలి. దొరక్కపోతే మళ్ళీ ఎవరి హోటల్లోనో గిన్నెలు తోముకోవాలి.

గది తాళంచెవి బాదంపప్పుల కొట్టు పెద్దావిడ దగ్గరుంది. ఆ వీధిలో ఆవిడ మాటకి తిరుగులేదు. "ఇక్కడ ఒకరు అమ్మేది ఇంకొకరు అమ్మకూడదమ్మా, తాతల నాటి కట్టుబాటు. వీధంతా తిరిగి, లేనిదేదో చూసుకుని సాయంత్రంలోగా చెప్పు. లేదంటే ఈ గదిని తాళాలు బాగుచేసే ఆయనకిచ్చేస్తా," అంది.

మా అత్తగారిని వెంటేసుకుని బయల్దేరాను. ఆవిడ నాలుకని మెప్పించడం అంత తేలిక కాదు. రొట్టెలు చేద్దామనుకుంటే మలుపులోనే రొట్టెల కొట్టు. నాకంటే బాగా చేస్తున్నాడు మహానుభావుడు. ఒక పక్క కాఫీ గింజలు వేయించే వాసన, ఇంకో పక్క చేపలు వేయించే పొగ. తేనె, ఎండుద్రాక్ష, పళ్ళరసం, ఏదనుకుంటే అది ఉంది. అత్తగారు ప్రతిచోటా రుచి చూసి "ఇదీ బాగానే ఉందే" అనడం, నాకు ఒళ్ళు మండడం.

వీధి చివరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు మొదలెట్టింది ఆవిడ.

"కాళ్ళు లాగేస్తున్నాయే అమ్మాయ్. కాస్త కూర్చుంటా."

"ఎక్కడ కూర్చుంటారత్తయ్యా, నా నెత్తి మీదా?"

అన్నానే గానీ, చుట్టూ చూస్తే నిజంగానే చోటు లేదు. అందరూ నిలబడే తింటున్నారు. ఒకాయన చేపల పొట్లం గడ్డం కింద ఇరికించుకుని చిల్లర వెతుక్కుంటున్నాడు. ఒక తల్లి చంకలో పిల్లతో, చేతిలో కాఫీతో తంటాలు పడుతోంది. అత్తగారు ఓ కొట్టు ముందు బోర్లించిన పెట్టె మీద కూలబడితే, పెట్టె కావాలంటూ కొట్టువాడు లేపేశాడు. వాడి మీద అరవబోయి ఆగిపోయాను. నిజానికి వాడికి దండం పెట్టాలి.

గబగబా వెనక్కొచ్చాం.

"ఏం అమ్ముతావు?" అంది పెద్దావిడ.

"ఏమీ అమ్మను. కుర్చీలు వేస్తాను. ఎవరి కొట్లో కొన్నదైనా నా గదిలో కూర్చుని తినొచ్చు. బల్ల, పళ్ళెం, మంచినీళ్ళు నావి. తిండి మీది."

"కూర్చోడానికి డబ్బులెవరిస్తారే?" అని నవ్వింది.

"గది తెరవండి, చూద్దాం," అన్నాను.

తెరిచింది. మూలనున్న పాత కుర్చీ దులిపి వేశాను. అత్తగారు కూర్చోబోయి ఆగింది. "ముందు మీరు కూర్చోండి వదినగారూ. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు."

పెద్దావిడ మొహమాటపడుతూ కూర్చుంది. చెప్పులు విడిచి, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుంది. బయట ఎవరో బాదంపప్పులు కావాలని పిలుస్తున్నా లేవలేదు.

"తాళంచెవి తలుపుకే ఉంది, తీసుకో," అంది కళ్ళు తెరవకుండానే. "ఈ కుర్చీ మాత్రం రోజూ నాకే ఉంచు. డబ్బులిస్తాలే."