ఒత్తుగా విత్తిన ఏడు

నేను ఒక జడ్డిగాన్ని. ఇప్పుడు అటకెక్కాను గానీ, ఒకప్పుడు విత్తనం వేసే గొర్రు మీద దర్జాగా కూర్చున్న చెక్కగిన్నెను. నాలో వేసిన గింజ అడుగునున్న మూడు కన్నాల్లోంచి వెదురు గొట్టాల్లోకి జారి మూడు సాళ్లలో పడేది. నంద్యాల వైపు నల్లరేగడిలో ఓ వడ్రంగి నన్ను తుమ్మమొద్దులో తొలిచాడు. ఎద్దులను తోలేది మగవాళ్లు, గింజ వదిలేది ఆడవాళ్లు. పండితే తోలినవాడి గొప్ప, ఎండితే వదిలినామె చెయ్యి మంచిది కాదు. మనుషుల న్యాయం నాకెప్పుడూ అంతుబట్టలేదు.

ఆ ఇంట్లో విత్తే చెయ్యి సుంకులమ్మది. పక్షవాతంతో అది పడిపోయాక కోడలు చెన్నమ్మ నా వెనక నడిచింది. చలికాలపు జొన్న. సందులు పడితే ఊరు నవ్వుతుందని పాపం భయం. పిడికిలి వదిలేసి గింజ గుమ్మరించింది. పైరు ఒత్తుగా, పచ్చగా లేచింది. ఆమె భర్త మద్దిలేటి మీసం మెలేశాడు. నన్ను గట్టు మీది కొట్టంలో వేలాడదీశారు కనుక తర్వాతిదంతా కళ్లారా చూశాను.

సుంకులమ్మ బండిలో వచ్చి చేను చూసి గుండె బాదుకుంది.

"ఇంగ వాన రాదే చెన్నమ్మా! నేలలో ఉండే పదును ఇన్నిటికి యాడ సాల్తాది? సగం మొక్కలు పెరికెయ్."

బతికున్న పైరును పెరకడమా! చెన్నమ్మ ఏడుస్తూనే వంగింది. సగం చేను పలచబడేసరికి మద్దిలేటి పరుగెత్తుకొచ్చాడు.

"మతి పోయిందా నీకు? ఇంగెప్పుడూ ఇత్తనం ముట్టొద్దు!"

మిగతా సగం అలాగే ఉండిపోయింది. పుష్యమాసానికి నేల నెర్రెలిచ్చింది. ఒత్తుగా ఉన్నవైపు పైరు వెన్ను తీయకుండానే ఎండి ఎద్దుల మేతయింది. పలచన చేసినవైపు వెన్నులు గింజ నిండి వంగాయి. ఆ ఏడు ఇంట్లో రొట్టె కాలిందంటే ఆ సగం వల్లే.

మరుసటి ఏడు విత్తే రోజు నన్ను తుడిచి గొర్రుకు కట్టాడు. విత్తనాల మూట పట్టుకుని చాలాసేపు ఊరికే ఎద్దుల మెడ నిమిరాడు. చెన్నమ్మ దూరంగానే నిలబడింది.

"నోరు జారినాలే. నువ్వే రా," అన్నాడు తల దించుకుని.

ఆమె వచ్చి మూట అందుకుంది. గట్టు మీదున్న సుంకులమ్మ వైపు తిరిగింది.

"ఎంత ఇడవాల అత్తా?"

"నన్నెందుకు అడుగుతావు? నీ చెయ్యికి తెల్సు, పో."

చెన్నమ్మ కళ్లొత్తుకుని పిడికిలి బిగించింది. గింజ పలచగా నాలోకి జారింది.